కాగితం మీద చిన్నోడు

కంట్లో నలుసు పడితే నీళ్లతో కడుక్కోవచ్చు. కంట్లో యారాలు పడితే ఏం చేస్తాం? సరోజనకు అయిదేళ్లుగా అదే బాధ. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ తలెత్తితే చాలు, ఎదురు వరుసలో నాలుగో ఇల్లు కనిపిస్తుంది. అది మరిది హనుమండ్లు ఇల్లు. అందులో ఉండేది మరిది భార్య శాంతాబాయి, సరోజనకు యారాలు. ఆ వాకిట్లో ముగ్గు పెద్దగా ఉంటే "చూడు, పైసల పొగరు" అనుకునేది సరోజన. చిన్నగా ఉంటే "పైసలున్నోళ్లకు ముగ్గెందుకు" అనుకునేది. ముగ్గే లేని రోజున మాత్రం ఏమనుకోవాలో తెలియక, చీపురు అక్కడే పడేసి లోపలికి పోయేది.

అన్నదమ్ములు మొగిలి, హనుమండ్లు ఇద్దరూ చెన్నూరు పక్క పల్లె నుంచి వచ్చి ఒకే రోజు బొగ్గుబాయిలో కొలువుకు చేరినవాళ్లు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి, మంచిర్యాల పక్కన నస్పూర్‌లో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నారు. ఒక్క తల్లి పిల్లలం, దగ్గర దగ్గరగా ఉందామనుకున్నారు. ఆ దగ్గరతనమే సరోజన కొంప ముంచింది.

మొగిలి 2020లో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో ఇంటికి పోగా పది లక్షలు మిగిలాయి. వాటిని ఏం చేయాలో తేల్చింది మొగిలి కాదు, సరోజనే. బ్యాంకు మెట్లు పదిసార్లు ఎక్కి దిగి, కనబడ్డ ప్రతి సారునూ అడిగి, ఆఖరికి సర్కారు బాండ్లు కొనిపించింది. ఏడేళ్ల బాండ్లు. జనవరి ఒకటిన, జూలై ఒకటిన వడ్డీ ఖాతాలో పడుతుంది. మొదట్లో ముప్పై అయిదు వేల చిల్లర పడేది, తర్వాత రేటు పెరిగి నలభై వేలు దాటింది. అసలు జోలికి ఎవరూ రారు. "పిడుగు పడ్డా గది కదలది" అని సరోజన చెప్పుకునేది.

చెప్పుకోవడమంటే మామూలుగా కాదు. వడ్డీ పడే తారీఖుకు ముందురోజే మినప్పప్పు నానబోసేది. పొద్దున సెల్‌ఫోన్ టింగుమనగానే పొయ్యి మీద మూకుడు పెట్టేది. వేడివేడి గారెలు ఓ పది గిన్నెలో వేసుకుని, కొంగు కప్పి, నేరుగా నాలుగో ఇంటికి నడిచేది.

"తిను చెల్లే, సర్కారు పెట్టిన గారెలు" అనేది.

శాంతాబాయి తినేది. "బాగున్నయి అక్కా" అనేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కనుక ఇంత చక్కెర పోసి పంపేది. ఆమెది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున ఉన్న బేల. ఆశ్చర్యమైతే "అగ్గబాయీ" అంటుంది, ఒప్పుకుంటే "బరె" అంటుంది, అంతకు మించి గొంతు లేవదు. సరోజన నోటి ముందు ఆమె నోరు ఎన్నడూ నిలవలేదు. అటువంటి మెతక మనిషి ఒకనాడు తనకంటే పైకి పోతుందని సరోజన కలలో కూడా అనుకోలేదు.

హనుమండ్లు 2015లోనే రిటైరయ్యాడు. అప్పుడొచ్చిన డబ్బు ఇంటికింత పోయి, జీతం లేని అయిదేళ్లు కూర్చుని తినడానికింత పోయి, 2020 నాటికి రెండు లక్షలు మిగిలాయి. సరోజన బాండ్లు కొన్న నెలలోనే శాంతాబాయి ఆ రెండు లక్షలూ పెట్టి బిట్‌కాయిన్ కొన్నది. కొనిపించింది కరీంనగర్‌లో కంప్యూటర్ల పని చేసే కొడుకు సన్నీ.

సరోజన విని ముక్కు మీద వేలేసుకుంది. "కాయిన్ అంటున్నవు. ఏదీ, చూపియ్యి?"

"కండ్లకు కనబడది అక్కా. సెల్లుల ఉంటది."

"కండ్లకు కనబడనిది దయ్యమే ఉంటది చెల్లే, పైస ఉండది" అని సరోజన వీధి వీధంతా వినబడేలా నవ్వింది.

ఏడాది తిరిగింది. ఆ దయ్యం రెండు లక్షల్ని పది లక్షలు చేసి కూర్చుంది. ఆ మాట మోసుకొచ్చింది మొగిలే. తమ్ముడు బాగుపడ్డాడని పాపం సంబరంగా చెప్పాడు. సరోజన చేతిలో అట్లకాడ అట్లాగే ఆగిపోయింది.

"పదా?"

"పదే. సన్నీగాడు సెల్లుల చూపెట్టిండు."

"మన పది మన చెమటల నుంచి వచ్చింది. గామె పది కూసున్న కాడ పుట్టెనా?"

"పుట్టింది మరి. నేనేం జేద్దు?"

ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మొగిలి కిక్కురుమనకుండా తిన్నాడు.

మరుసటి ఏడు ఆ కాయిన్ పడింది. పడటమంటే అట్లా ఇట్లా కాదు, పది లక్షలు కాస్తా రెండు లక్షల డెబ్బై వేలకు దిగింది. అప్పుడు సరోజన ఏం చేసిందో చెప్పడానికి మనకే సిగ్గేస్తుంది. పెరుగు గిన్నె పట్టుకుని పరామర్శకు పోయింది. "అయ్యో చెల్లే, ఎంత పనాయె! ముందే చెప్తి గదనే, వినకపోతివి" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొంగుకు తడి అంటలేదు. ఇంటికొచ్చి, పట్టపగలు చాప వేసుకుని, రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. ఏడాదిలో ఆమె కంటినిండా పడుకున్నది ఆ రోజే.

ఆ సంబరం మాత్రం ఎన్నాళ్లు? కాయిన్ మళ్లీ లేచింది. పదిహేడు లక్షలట. తర్వాత ఇరవై దాటిందట. వీధిలో ఆడవాళ్లు శాంతాబాయికి "కాయిన్‌బాయి" అని పేరు పెట్టారు. ఇదివరకు దీపావళి బోనస్ వచ్చినవాళ్లు, చీటీ ఎత్తినవాళ్లు "పైసలు ఏడ పెట్టాలె సరోజనక్కా" అని ఈ గడప తొక్కేవాళ్లు. ఇప్పుడు ఈ ఇల్లు దాటి, తలైనా తిప్పకుండా నాలుగో ఇంటికి పోతున్నారు. సరోజన కిటికీలో నిలబడి ఎవరు పోయారో, ఎంతసేపు కూర్చున్నారో లెక్కపెట్టేది.

అన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఇంకొకటి. శాంతాబాయి ఒక్క రూపాయి తీయలేదు. పుస్తెలతాడు మార్చలేదు. కట్టిన చీరే ఉతుక్కుని కట్టేది. ఖర్చు పెడితే "కొత్త బిచ్చగత్తె" అని నలుగురిలో నవ్వవచ్చు. పెట్టకుండా కూర్చుంటే ఏమని తిట్టాలి? తిట్టడానికి సందు ఇవ్వని మనిషి మీద ఏడవడం ఎంత కష్టమో సరోజననే అడగాలి.

2025 అక్టోబరు వచ్చింది. రేషన్ దుకాణం వరుసలో ఎవరో అన్నారు, ముసలోళ్లకైతే ఆ బాండ్లు గడువుకంటే ముందే ఇస్తారని. సరోజన బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చే దాకా ఇంకేమీ ఆలోచించలేదు. సంచి దింపుతూనే మొగిలిని పిలిచింది.

"ఏమయ్యా, బాండ్లు తీద్దాం. కాయిన్ కొందాం."

మొగిలి బాయిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కింద కట్టె నిలబెట్టడం ఆయన పని. మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఆ కట్టె గురించే.

"చూడే. కట్టె ఇరిగేటప్పుడు ముందుగాల కిర్రుమంటది. మనిషి ఇనుకోని ఉరికి బతుకుతడు. ఇనుప పోలు అట్ల కాదు, సప్పుడు చెయ్యది, ఒక్కపారే ఒరుగుతది. నాకు కట్టే మంచిది. గా పది లచ్చలు మన నెత్తిమీది కప్పుకు పెట్టిన కట్టె. ఉన్నదంత గదే. గది గుంజితె ఇగ మన మీద ఏం మిగులది."

"నీ తమ్మునిది కూలిందా మరి? ఇరవై రెండు లచ్చల మీద కూసున్నడు! నీ కట్టె నువ్వే పట్టుకో. రేపు బ్యాంకుకు నడువు."

మొగిలి నడిచాడు. ఆమె ఎటు నడవమంటే అటు నడవడం ఆయనకు బాయి పనికంటే పాత అలవాటు.

మంచిర్యాల బ్యాంకులో ఆ కౌంటరు దగ్గర దీక్షిత అనే అమ్మాయి ఉంది. ఓపికగల పిల్ల. కాగితాలు చూసి, కంప్యూటరు చూసి చెప్పింది.

"అమ్మా, సారుకు రికార్డులో అరవై అయిదు. అరవై నుంచి డెబ్బై లోపు వాళ్లు ఆరేళ్లు ఆగాలి. డెబ్బై నిండినవాళ్లయితే అయిదేళ్లకే తీసుకోవచ్చు. మీరు వచ్చే ఏడాది రండి. అప్పుడైనా చివరి ఆరు నెలల వడ్డీలో సగం కోత పడుతుంది."

వచ్చే ఏడాదా! ఏడాదిలో ఆ కాయిన్ ఎక్కడికి పోతుందో! సరోజనకు ఒళ్లు మండింది.

"ఆయనకు డెబ్బై నిండినయి బిడ్డా! గా రికార్డుల ఉన్నది అబద్ధం!" అని గట్టిగా అనేసింది.

బ్యాంకు మొత్తం తిరిగి చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మొగిలి తువ్వాలతో భుజాలు దులుపుకున్నాడు.

అబద్ధం కథ ఇదీ. 1980లో అన్నదమ్ములిద్దరూ కొలువుకు పోయిన రోజున ఇద్దరికీ బడి ముఖం తెలియదు, పుట్టిన తేదీ కాగితం లేదు. అటువంటి వాళ్లకు డాక్టరు మనిషిని నిలబెట్టి చూసి, అందాజగా వయసు రాసేవాడు. మొగిలి పొట్టి, గడ్డం మీసం సరిగా రాలేదు. ఇరవై అని రాశాడు. హనుమండ్లు తాడిచెట్టంత పొడుగు, కోరమీసం. ఇరవై అయిదు అని రాశాడు. నిజానికి మొగిలికి ఇరవై అయిదు, హనుమండ్లుకు ఇరవై మూడు. కలం ఒక్కసారి గీకగానే తమ్ముడు అన్నకంటే అయిదేళ్లు పెద్దవాడైపోయాడు. బాయిలో అందరూ హనుమండ్లును "పెద్దన్నా" అని ఎగతాళి చేసేవాళ్లు, అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు 2015 దాకానే. ఆ ఏడు రికార్డు ప్రకారం అరవై నిండాయని అతనికి దండ వేసి ఇంటికి పంపారు. అన్న మొగిలి మరో అయిదేళ్లు డ్యూటీ చేసి, అయిదేళ్ల జీతం ఇంటికి తెచ్చాడు.

"ఏదైనా ఆధారం ఉందా అమ్మా?" అడిగింది దీక్షిత. "ఆధార్ కూడా కంపెనీ కార్డు చూసే చేసినట్టున్నారు."

"ఈయన తమ్మునికి కాగితాలల్ల డెబ్బై ఉన్నది. తమ్మునికి డెబ్బై అయితె అన్నకు అరవై అయిదు ఎట్లుంటది? నువ్వే చెప్పు!"

దీక్షితకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఈయన నాకంటే పెద్ద అని ఆ తమ్ముడు రాసిస్తే తీసుకురండి. పైవాళ్లకు పంపిస్తా. ఏమంటారో నేను మాటివ్వలేను."

బయటికి రాగానే మొగిలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే సరోజనా. అయిదేండ్ల జీతం వాపసియ్యుమంటె ఏడికెళ్లి తెస్తం?"

"ఎవరడుగుతరు? సప్పుడు చెయ్యకు."

చప్పుడు చేయకుండా ఉండటం మొగిలికి కష్టం కాదు. కష్టమంతా సరోజనకే. ఎందుకంటే ఇప్పుడు పోయి అడగవలసింది ఎవరినో తెలుసు కదా. తన కళ్లలో నిప్పులు పోసిన శాంతాబాయినే.

ఇంకొకటి కూడా ఉంది. సరోజన దాన్ని పదేళ్లుగా మరిచిపోయింది. అంటే, మరిచిపోయినట్టు ఉండటం నేర్చుకుంది. 2015లో హనుమండ్లుకు రిటైర్మెంట్ నోటీసు వచ్చినప్పుడు శాంతాబాయి ఏడ్చుకుంటూ ఒక స్టాంపు కాగితం పట్టుకొచ్చింది. "అక్కా, బావతోని ఒక్క సంతకం పెట్టియ్యి. మా ఆయన చిన్నోడని బావ చెప్తె వయసు కేసు ఎత్తుకుంటరట" అని కాళ్లు పట్టుకుంది. సరోజన కాళ్లు వెనక్కి లాక్కుంది. "ఈయన సంతకం పెడితె ఈయన వయసు సుత తోడుతరు. ఇద్దరి కొలువు పోతది. నీ మొగడు పెద్దోడని రాసి ఉన్నది గద, ఇగ రాసినట్టే బతుకుండ్రి" అంది. తలుపు వెనక మంచం మీద మొగిలి అన్నీ వింటూ కూర్చున్నాడు. ఆనాడు కూడా చప్పుడు చేయలేదు.

మర్నాడు పొద్దున సరోజన గారెలు చేసింది. ఒట్టి చేతులతో పోవడానికి మొహం చెల్లలేదు. శాంతాబాయి వాకిట్లో పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. హనుమండ్లు అరుగు మీద పేపరు చూస్తున్నాడు. గిన్నె చూడగానే శాంతాబాయి చేతులాగాయి.

"అగ్గబాయీ! ఇయ్యాల ఒకటో తారీఖు కాదు గద అక్కా?"

సరోజన నవ్వబోయి ఊరుకుంది. పీట లాక్కుని కూర్చుని విషయం చెప్పింది. అన్న పెద్దోడని మరిది రాసివ్వాలి. రాసిస్తే బాండ్లు తీసుకోవచ్చు. చెప్పినంత సేపూ చేటలో రాళ్లు తానే ఏరింది, తలెత్తలేదు.

"మంచిగున్న బాండ్లు ఎందుకు తీస్తవు అక్కా?"

"మోకాళ్లు... ఆపరేషన్ చేపిచ్చుకుందామని."

"పొద్దున ఉరికి ఉరికి నీళ్లు పడ్తివి గద. మోకాళ్లకు ఏమైంది?"

సరోజన ఏరిన రాళ్లు విసిరికొట్టింది. అయిదేళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"కాయిన్ కొంటనే! నీ అసొంటి కాయిన్ కొంట! నాకు కడుపు మండుతున్నదే శాంతా, నీకెట్ల చెప్పాలె! పది లచ్చలు పెట్టి అయిదేండ్లు కావలి కూసున్న నేను తెలివితక్కువదాన్నయిన. రెండు లచ్చలు దయ్యం నోట్ల పెట్టిన నువ్వు తెలివిగలదానివైనవు. పొద్దుగాల లేస్తె నీ ఇల్లే కనబడ్తది. నీది పడ్డనాడు నేను పండుగ చేసుకున్న, ఎరికేనా? సంతోషంగ నిద్రపోయిన. గంత పాపిష్టిదాన్ని నేను!"

అరుగు మీద పేపరు చప్పుడు ఆగిపోయింది. శాంతాబాయి చేట పక్కన పెట్టింది.

"ఎరికె అక్కా. నీ కండ్లు తడి గాలే. నేను చూడలేదనుకున్నవా?"

సరోజన తల దించుకుని గారెల గిన్నె ఆమె వైపు జరిపింది.

"నీకు అయిదేండ్ల నుంచి మండుతున్నది. నాకు పదేండ్ల నుంచి మండుతున్నది. పెద్దోడు క్యారేజీ పట్టుకోని డ్యూటీకి పోతుండె, చిన్నోడు తువ్వాల ఏసుకోని గీ అరుగు మీద కూసుంటుండె. నీ గారెలు ఒక్కనాడన్న నా గొంతు దిగినయా? మింగిన అంతే. గా గారెలు మాకు రాకుంట పోయిన జీతమని ప్రతి పారి అనిపిస్తుండె. నా రెండు లచ్చలు నేను సుత బాండ్లల్ల పెడితె ఏడాదికి పద్నాలుగు వేలు వస్తుండె. పద్నాలుగు వేలతోని నిన్ను ఎన్నడందుకోవాలె? గందుకే కండ్లు మూసుకోని దుంకిన. నీ మీద కోపంతోనే దుంకిన అక్కా, తెలివితోని కాదు."

"దుంకి గెలిచినవు గద!"

"ఏం గెలిచిన? దేవునికి మొక్కక ముందు సెల్లుకు మొక్కుడైంది. పడితె బుక్క దిగది. లేస్తె, రేపు పడ్తదేమోనని నిద్ర రాది. గింత పరేషాన్ పగోనికి సుత వద్దు." ఆమె గారె తుంచి నోట్లో వేసుకుంది. "ఈ నెల మొదట్లనే అమ్మేసిన. ఇరవై రెండు వచ్చినయి. ఆరు లచ్చల దాక పన్నుకు పోతదట. పదిహేను నాకు మిగులుతది. సన్నీ 'ఆగవ్వా, ఇంక లేస్తది' అన్నడు. నేను ఆగలే. నీ లెక్క ఒకటో తారీఖు నాడు నా సెల్లు సుత టింగుమనాలె, గంతే. రేపు నీ బ్యాంకుకే పోదామనుకుంటున్న. నువ్వు తోలుకపోతవా అక్కా?"

ఇది విన్నారా? తాను బాండ్లు వదిలి కాయిన్ కోసం ఉరికే వేళకు, కాయిన్ ఉన్నామె దాన్ని వదిలి బాండ్ల కోసం బయలుదేరింది. అదీ పదిహేను లక్షలతో! తనవి పదే! సరోజన కడుపులో చల్లారబోయిన నిప్పు మళ్లీ భగ్గుమంది.

"మరి... గా కాయితం?" అంది చిన్నగా.

శాంతాబాయి లేచి లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినిపించింది. మడతలు పడి అంచులు పచ్చబడ్డ స్టాంపు కాగితం తెచ్చి సరోజన ఒడిలో పెట్టింది.

"కొత్తగ రాసే పని లేదక్కా. రాసే ఉన్నది."

అదే కాగితం. 2015 నాటిది. మొగిలి నా సొంత అన్న, నాకంటే రెండేండ్లు పెద్ద అని ఉంది. కింద హనుమండ్లు సంతకం ఉంది. సాక్షిగా శాంతాబాయి, చిన్నప్పుడు బేల బడిలో నేర్చుకున్న మరాఠీ అక్షరాలతో పేరు రాసుకుంది. మొగిలి సంతకం పెట్టవలసిన చోటు ఖాళీగా ఉంది.

"బావ సంతకమే తక్కువ" అంది శాంతాబాయి. "తీస్కపో."

ఆనాడు నువ్వెందుకు పెట్టించలేదని అడగలేదు. అరుగు మీంచి హనుమండ్లు కూడా ఏమీ అనలేదు, "వదినెకు చాయ్ పొయ్యి" అన్నాడంతే. అడిగితే బాగుండునని సరోజనకు అనిపించింది. నాలుగు తిట్లు తిడితే ఎనిమిది తిట్టి వచ్చేది. ఈ మంచితనం కూడా దీనికి తనకంటే ఎక్కువే ఉండాలా? దాన్ని చూసి కూడా ఏడుపొచ్చింది సరోజనకు, ఈసారి కొంగు నిజంగానే తడిసింది. కాగితం మడిచి రొంటిన దోపుకుని, చాయ్ తాగకుండానే వచ్చేసింది.

మర్నాడు నలుగురూ ఒకే ఆటోలో బ్యాంకుకు పోయారు. దీక్షిత హనుమండ్లు పేరు మీద ఫారాలు నింపింది. సరోజన పక్కనే నిలబడి ప్రతి అంకె చూసింది. పదిహేను లక్షలు. ఆరు నెలలకు అరవై వేలు. తనకు వచ్చే నలభై వేలు మనసులో ఒకసారి వెలవెలబోయాయి.

"ఈయనకు డెబ్బై నిండాయి కనుక, అవసరమైతే అయిదేళ్లకే తీసుకోవచ్చు" అంది దీక్షిత.

"అగ్గబాయీ, అయిదేండ్లకేనా?" అంది శాంతాబాయి.

ఒకనాడు జీతం మింగిన ఆ తప్పుడు అంకె, ఇన్నాళ్లకు ఆ ఇంటికి ఇంత మేలు చేసింది. అదీ ఓర్వలేకపోయింది సరోజన. తన మొగుడికి ఆరు, మరిదికి అయిదా అని పళ్లు కొరుక్కుంది. చెయ్యి దానంతటదే రొంటికి పోయింది. కాగితం అక్కడే ఉంది. పొద్దున ఆటో ఎక్కే ముందు మొగిలి దాని మీద సంతకం పెట్టాడు. పదేళ్ల కింద పెట్టవలసిన సంతకం. పెట్టి ఆయన తన వైపు చూస్తే, ఆమె చూడనట్టు తల తిప్పుకుంది.

"అమ్మా, మీరు తెస్తానన్న కాగితం?" దీక్షిత అడిగింది.

మొగిలి నేల చూస్తున్నాడు. హనుమండ్లు కొత్త బాండు రసీదును పంచె అంచుతో తుడిచి, దూరంగా పట్టుకుని చూసుకుంటున్నాడు. రిటైరైన రోజున కూడా ఆయన మొహం అంత వెలగలేదు. శాంతాబాయి మాత్రం సరోజన వైపు చూడటం లేదు. గోడకున్న క్యాలెండరులో జనవరి ఎక్కడుందో వెతుక్కుంటోంది.

ఈ కాగితం బయట పెడితే ఆ డెబ్బైని కూడా తోడుతారు. సరోజన రొంటి మీంచి చెయ్యి తీసేసింది.

"ఏ కాయితం బిడ్డా? నేను మొన్న ఉత్తగనే ఒర్రిన. మా ఆయన చిన్నోడే. గాయననే పెద్దోడు."

మొగిలి తలెత్తాడు. శాంతాబాయి క్యాలెండరు వదిలి ఇటు తిరిగింది. దీక్షిత ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫైలు మూసి పెట్టుకుంది.

బయట ఎండ చురుక్కుమంటోంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. సరోజన రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగి, ఎన్నడూ అలవాటు లేని మాట కనుక కాస్త తడబడుతూ పిలిచింది.

"నడువు అక్కా, ఆటో పోతది. జనవరి ఒకటికి గారెలు నీ ఇంట్లనే. పెద్దదానివి గద, నువ్వే చెయ్యాలె."

శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బరె" అంది.